నిష్కపటమైన విశ్వాసం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలోని మా సంఘంలో శనివారం సాయంత్రాలు బైబిలు అధ్యయనం జరుగుతుంది. అది ముగిసి, చాపలు చుట్టి మూలన పెట్టే వేళకు, ఒకరిద్దరు మెల్లగా దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. అందరి ముందు అడగడానికి మొహమాటపడి దాచుకున్న ఆ ప్రశ్నలే మనసులో నుంచి వచ్చినవని ఇరవై ఏళ్ళకు పైగా ఈ అధ్యయనం నడుపుతున్న నాకు అనిపిస్తూ ఉంటుంది. పదే పదే వచ్చినవాటిని ఎంచి, నాకు తోచిన జవాబులతో ఇక్కడ రాశాను. నేను పాస్టరును కాను. ఒక ఎగుమతి దిగుమతుల కార్యాలయంలో లెక్కలు రాసి పదవీ విరమణ చేసిన సంఘ పెద్దను. కాబట్టి ఈ జవాబుల్లో వేదాంతం కంటే లెక్కల పుస్తకం వాసన ఎక్కువగా ఉంటే మన్నించాలి.

"నిష్కపటమైన విశ్వాసం" అంటే ఏమిటి?

ఈ మాట పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. ఉపదేశమంతటి సారం ప్రేమ అనీ, ఆ ప్రేమ పవిత్రమైన హృదయం నుంచి, మంచి మనస్సాక్షి నుంచి, నిష్కపటమైన విశ్వాసం నుంచి పుడుతుందనీ ఆయన రాశాడు (1 తిమోతి 1:5). గ్రీకు మూలంలో ఆ మాటకు "వేషం లేని" అని అర్థం. యేసు ఆనాటి యూదుల్లో భక్తిపరులుగా పేరున్న పరిసయ్యులను గద్దించినప్పుడు వాడిన మాటకు మూలమైన గ్రీకు పదం ఆ కాలపు నాటకరంగానిది; ముఖానికి ముసుగు తగిలించుకొని వేదిక మీద మరొకరిలా మాట్లాడే నటుడిని అలా పిలిచేవారు. మన తెలుగు బైబిలులో దానికి "వేషధారి" అని పెట్టినవారు ఎంత సరిగ్గా పట్టుకున్నారో అని చదివిన ప్రతిసారీ నాకు సంతోషం కలుగుతుంది, ఎందుకంటే వీధి నాటకాలు చూసి పెరిగిన ఉత్తరాంధ్ర మనిషికి ఆ మాట వివరించి చెప్పనక్కరలేదు. రాత్రంతా రాజుగా నిలబడినవాడు తెల్లవారేసరికి రంగు కడుక్కొని కూలికి పోతాడు. నాటకంలో అది వృత్తి, గౌరవించదగిన వృత్తి. ప్రార్థనలో అదే పని చేస్తే, చూసేవారు వెళ్ళిపోయాక మన దగ్గర ఏమీ మిగలదు.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో యేసు ధర్మం చేయడాన్ని, ప్రార్థనను, ఉపవాసాన్ని వరుసగా తీసుకొని, మనుషులకు కనబడాలని చేసినవారు తమ ఫలం అప్పుడే పొందేశారని మూడుసార్లు చెబుతాడు. అది ఒక రకంగా లెక్కల భాష: చెల్లింపు పూర్తయింది, ఇక బాకీ లేదు. నా ఉద్యోగమంతా రసీదుల మధ్య గడిచింది కాబట్టి ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు "చెల్లించబడినది" అనే రబ్బరు ముద్ర కళ్ళ ముందు కనబడుతుంది.

మన ఊరికి దేవుని వాక్యంతో పాత బంధమే ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకొని, సువార్తలను తెలుగులోకి తెచ్చే పని ఇక్కడే మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన విశ్వాసి వారికి తోడయ్యాడు. 1812లో సెరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ బ్రతికి లేరు. తమ పేరు అచ్చులో చూసుకోకుండానే వెళ్ళిపోయినవారి పని మీద మనం నిలబడి ఉన్నామన్నది యువకులకు నేను తప్పకుండా చెప్పే సంగతి.

విశ్వాసం ద్వారానే రక్షణ అయితే, క్రియల గురించి ఇంతగా మాట్లాడటం దేనికి?

ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలను కంఠతా చెప్పేవారు చాలామంది పదవ వచనం దగ్గర ఆగిపోతారు. రక్షణ కృప వలన కలిగిందనీ, క్రియల వలన కాదనీ చెప్పిన పౌలే, సత్క్రియలు చేయడానికి మనం క్రీస్తులో సృష్టించబడ్డామని ఆ వెంటనే అంటున్నాడు. ఈ క్రమం పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంట్లో ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది (లూకా 19). యేసు అతని ఇంటికి రావడానికి ముందు అతడు ఒక్క రూక కూడా తిరిగి ఇవ్వలేదు. ఆయన వచ్చి, ఇంట్లో కూర్చున్నాక, ఎవరూ అడగకుండానే ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తాననీ లేచి నిలబడి చెప్పాడు. ముందు కృప ఇంటికి వచ్చింది, తరువాత లెక్కలు తేలాయి. లెక్కలు తేలని చోట కృప వచ్చిందా అని యాకోబు తన పత్రికలో అడుగుతున్నాడు.

నాకు షిఫ్టు డ్యూటీ. ఆదివారం ఆరాధనకు నెలలో రెండుసార్లే రాగలను. నా విశ్వాసం తక్కువదా?

కాదు. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, ఆసుపత్రుల్లో పనిచేసేవారు ఆదివారం కూడా పనికి వెళ్తేనే ఊరు నడుస్తుంది. వారం మధ్యలో జరిగే ప్రార్థన కూటానికి రండి, లేదా మీలాంటి ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఇంట్లో కూర్చోండి. ప్రసంగాలు సెల్‌ఫోనులో వింటే చాలదా అని కూడా కొందరు అడుగుతారు. వినడం మంచిదే కానీ, మీరు జ్వరంతో పడుకుంటే ఆ ఫోను వచ్చి తలుపు తట్టదు.

చిన్న వ్యాపారం చేస్తున్నాను. పూర్తి నిజం చెబితే బేరం పోతుంది. ఏం చేయాలి?

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, బైబిలు సంచి చేతిలో ఉండగానే, చేపల కోసం పెద జాలారిపేట వైపు వెళ్ళాను. తీరం దగ్గర నీలిరంగు ప్లాస్టిక్ పట్టా మీద ఒకావిడ కానాగంతలు రెండు కుప్పలుగా పోసి కూర్చుంది. రెండు కుప్పలూ నాకు ఒకేలా మెరుస్తూ కనిపించాయి. నా ముందు నిలబడిన కుర్రాడు ఎడమవైపు కుప్ప చూపించి ధర అడిగాడు. ఆవిడ ఒక చేపను ఎత్తి, మొప్ప తెరిచి, లోపలి రంగు అతనికి చూపించి, "ఇది నిన్నటి సరుకు బాబూ, ఐసులో ఉంది. పులుసుకైతే పరవాలేదు, ఏపుడికి తీసుకెల్లకు" అంది. కుర్రాడు కాసేపు ఆలోచించి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. "నిజం చెబితే బేరం పోయింది కదమ్మా" అన్నాను. "పోనాదిలే బాబూ. ఇంటికెల్లి ఏపుకున్నాక వాసనొస్తే ఆల్ల పిల్లలు తింటారా?" అని, తడి చేతిని పట్టా అంచుకు తుడుచుకొని, నాకు కుడివైపు కుప్పలోనుంచి ఏరడం మొదలుపెట్టింది.

ఆవిడ ఏ సంఘానికి వెళ్తుందో, అసలు వెళ్తుందో లేదో నేను అడగలేదు. ఆ రోజు ఉదయం మా గుడిలో నలభై నిమిషాల ప్రసంగం విన్నాను, మంచి ప్రసంగమే. అయినా సామెతల గ్రంథంలోని "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న మాట (సామెతలు 11:1) నాకు అర్థమైంది ఆ నీలి పట్టా దగ్గరే. త్రాసు ఉన్న ప్రతివారికీ ఆ మాట వర్తిస్తుంది. రొయ్యలతో పాటు ఐసు నీళ్ళను తూచడం, ఎలక్ట్రానిక్ కాటా మీద తడి బుట్ట బరువు తీయకుండానే సరుకు వేయడం, పాత చీరల మీద కొత్త ధర చీటీ అంటించడం వంటివి ప్రార్థనతో మొదలయ్యే దుకాణాల్లో కూడా జరుగుతాయని మనకు తెలుసు. దుకాణం బోర్డు మీద వాక్యం రాయించుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ తక్కువ తూగితే కొనుక్కున్నవారు మీ పేరు కాదు, ఆ వాక్యం పేరు చెప్పుకుంటారు.

బేరం పోదని నేను హామీ ఇవ్వలేను. కొన్నిసార్లు పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉండే అరవై ఒక్క రోజుల్లో, చేతిలో డబ్బు ఆడని ఇంట్లో, ఒక్క బేరం పోవడం అంటే ఏమిటో నాకంటే ఆ తీరంలో ఉన్నవారికే బాగా తెలుసు. అందుకే ఆవిడ మాటకు నేను అంత విలువ ఇస్తున్నాను.

ఆఫీసులో లంచం ఇస్తే తప్ప పని జరగదు. ఇవ్వడం కూడా పాపమేనా?

తీసుకోవడం గురించి సందేహమే లేదు. తన దగ్గరకు వచ్చిన సుంకరులకు, అంటే పన్ను వసూలు చేసేవారికి, నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దనీ, సైనికులకు జీతంతో తృప్తి పొందమనీ బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పాడు (లూకా 3:12-14). ఉద్యోగం మానమని మాత్రం చెప్పలేదు. ఇవ్వడం విషయానికి వస్తే, నాకు రావలసినది కాని దాన్ని పొందడానికి ఇవ్వడం ఒకటి, నాకు న్యాయంగా రావలసిన దాని కోసం బలవంతాన లాక్కోబడటం మరొకటి. మొదటిది నిస్సందేహంగా తప్పు. రెండవ దానిలో చిక్కుకున్న వితంతువును నేను దోషి అనలేను. చదువుకున్నవారు, మాట చెల్లేవారు ఆమె వెంట కార్యాలయానికి వెళ్ళి, ఫిర్యాదు రాసి, ఆమె ఒంటరిగా నిలబడకుండా చూడాలి. అటువంటి పనికి ఒక పూట సెలవు పెట్టడం నా దృష్టిలో ఉపవాస ప్రార్థనకు తక్కువైనది కాదు.

అప్పు ఉన్నప్పుడు దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఇవ్వాలా?

ఈ ప్రశ్నకు నేను నా తప్పుతోనే జవాబు చెప్పాలి. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడానికి పక్క వీధిలోని ఒక టైలరు దగ్గర ఎనిమిది వేల రూపాయలు చేబదులు తీసుకున్నాను. మూడు నెలల్లో ఇస్తానన్నాను, ఏడాదిన్నర దాటింది. ఆ కాలమంతా ప్రతి నెల మొదటి ఆదివారం నా దశమభాగం కవరులో పెట్టి, పైన పేరు రాసి, కానుకల సంచిలో వేస్తూనే ఉన్నాను. ఒకరోజు పూర్ణా మార్కెట్‌లో అతను ఎదురుగా వస్తూ నన్ను చూసి, చటుక్కున పక్క సందులోకి తిరిగిపోయాడు. అప్పు తీసుకున్నవాడు తప్పుకోవడం లోకంలో ఉన్నదే. ఇక్కడ నేను సిగ్గుపడకూడదని అప్పిచ్చినవాడే తప్పుకున్నాడు.

బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తున్నప్పుడు నీ మీద నీ సహోదరునికి విరోధం ఏమైనా ఉందని గుర్తుకు వస్తే, అర్పణను అక్కడే విడిచి, ముందు వెళ్ళి సమాధానపడమని యేసు చెప్పాడు (మత్తయి 5:23, 24). ఎన్నోసార్లు చదివి వినిపించిన వచనం. ఆ నెల పాస్టరు గారి దగ్గరకు వెళ్ళి, నా కవరు కొన్ని నెలలు రాదని చెప్పి, కారణం కూడా చెప్పాను. రెండు విడతలుగా డబ్బు కూడబెట్టి టైలరు దుకాణానికి తీసుకువెళ్తే, అతను నోట్లు లెక్కపెట్టకుండా కుట్టు మిషను మీది గుడ్డ కిందకు తోసి, "మొన్న దసరాకి లైనింగు గుడ్డ అరువు తెచ్చుకోవలసి వచ్చిందండి, వడ్డీ పడింది" అని మాత్రం అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నేను తీసుకున్నది ఎనిమిది వేలే అనుకున్నాను; నా వల్ల అతనికి పోయింది అంతకంటే ఎక్కువ. ఆ వడ్డీ ఎంతో అడిగి, అతను వద్దంటున్నా అదీ ఇచ్చి వచ్చాను. జక్కయ్య నాలుగంతలు ఎందుకు అన్నాడో అప్పుడు తెలిసింది.

కాబట్టి నా జవాబు ఇది: మనిషికి మాట ఇచ్చిన బాకీ ముందు తీర్చండి. ఒక్కసారిగా తీర్చలేకపోతే, అతని ఎదుటకు వెళ్ళి ఎప్పటికి ఎంత ఇవ్వగలరో చెప్పి, ఆ ప్రకారం ఇవ్వండి. మిగిలిన దానిలో నుంచి సంతోషంగా దేవునికి ఇవ్వండి. దశమభాగం తప్పక తెమ్మనే మలాకీ మూడవ అధ్యాయం చూపించి నాతో విభేదించే పెద్దలు ఉన్నారు, వారిని నేను గౌరవిస్తాను. అయితే తల్లిదండ్రులకు చేయవలసింది ఎగవేసి "ఇది కొర్బాను, దేవార్పితం" అని చెప్పినవారిని యేసు ఎంత కఠినంగా గద్దించాడో మార్కు 7వ అధ్యాయంలో చదివి, అప్పుడు నిర్ణయించుకోమని వేడుకుంటున్నాను. ఊళ్ళో తల్లి మందులకు డబ్బు పంపకుండా గుడికి ఫ్యాన్లు కొనిచ్చి, వాటి మీద పేరు రాయించుకోవడం కొర్బానే.

సంఘంలో అందరూ మా ఆయనను భక్తిపరుడంటారు. ఇంట్లో మాత్రం చేయి చేసుకుంటాడు. ఓర్చుకోవడమే సాక్ష్యమా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి సోదరికీ ముందుగా చెప్పేది, మీరు ఓర్చుకోనక్కరలేదు అని. భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని పేతురు రాశాడు (1 పేతురు 3:7). అంటే వేదిక మీద గంటసేపు చేసిన ప్రార్థన ఇంట్లో చేసిన గాయాన్ని దాటి పైకి పోదని అర్థం. ముందు మీరూ పిల్లలూ సురక్షితమైన చోటికి చేరండి. 181 మహిళా సహాయ సంఖ్య, అత్యవసరమైతే 112 ఉన్నాయి; వాటికి ఫోను చేయడం విశ్వాసంలో లోపం కాదు. క్షమించమనే మాట మీతో చెప్పడానికి ముందు సంఘ పెద్దలు ఆయనతో మాట్లాడాలి, పరిచర్య నుంచి తప్పించాలి, పశ్చాత్తాపం మాటల్లో కాక నెలల తరబడి నడవడిలో కనిపించే వరకు ఎదురు చూడాలి. ఈ విషయంలో పెద్దలుగా మేము చాలాసార్లు తప్పు చేశాం. "ప్రార్థన చేద్దాం, వెళ్ళమ్మా" అని పంపించిన సందర్భాలు నాకు గుర్తున్నాయి, అవి నన్ను బాధిస్తాయి.

క్రైస్తవ వివాహాల్లో కట్నం, కులం ఎందుకు పోవడం లేదు?

వాటితో మనకు లాభం ఉంది కాబట్టి పోవడం లేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. అయినా మూడు ఆదివారాలు గుడిలో వివాహ ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవారు తెలపమని అడిగినప్పుడు, ఎంత మాట్లాడుకున్నారో తెలిసిన నలభై మందిలో ఒక్కరూ లేవరు. నేనూ లేవలేదు. "కట్నం కాదండి, అమ్మాయికి ప్రేమతో ఇచ్చుకుంటున్నాం" అంటే సరే, అది అమ్మాయి పేరున బ్యాంకులో వేసి పాసుపుస్తకం ఆమె చేతికి ఇవ్వండి. అలా ఇస్తామన్నప్పుడు సంబంధం నిలబడుతుందో లేదో చూస్తే, అది ప్రేమో కాదో తెలిసిపోతుంది.

కులం ఇంకా లోతైన రోగం. క్రీస్తునందు యూదుడని, గ్రీసుదేశస్థుడని, దాసుడని, స్వతంత్రుడని భేదం లేదని (గలతీ 3:28) పిల్లలకు సండే స్కూలులో నేర్పి, వారికి ఇరవై అయిదేళ్ళు వచ్చేసరికి "క్రైస్తవులే, కానీ మనవాళ్ళు కావాలి" అని పెళ్ళి ప్రకటన ఇస్తాం. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలోనుంచి తీసుకున్నవారి ఇంట్లో పెళ్ళి భోజనానికి కూర్చోలేకపోతే, ఆ బల్ల దగ్గర మనం చేసిందేమిటో ఆలోచించాలి.

చదువు, ఉద్యోగాల కోసం సర్టిఫికెట్‌లో మతం వేరేగా ఉంది. నేను దేవుని ఎదుట అబద్ధికుడినా?

ఈ ప్రశ్నకు సులువుగా జవాబు చెప్పేవారిని నేను నమ్మను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రధానంగా హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల్లోని బి.సి.-సి వర్గంలోకి వస్తారు. మతం మారినంత మాత్రాన వాడలో బావి దగ్గర చూపు మారలేదు, పేదరికం మారలేదు. ఆ బాధ నిజమైనది, ఆ చట్టాన్ని మార్చమని అడగడం న్యాయమైనది.

అయినా రోజూ ఒక పేరుతో ప్రార్థించి, సంతకం పెట్టేటప్పుడు మరొకటి రాయడం మనసును కొద్దికొద్దిగా కోస్తుందని, అలా కోయబడిన యువకులే వచ్చి నాకు చెప్పారు. నిజం రాయమనే నేను సలహా ఇస్తాను. ఆ సలహా ఖరీదు నా జేబులోనుంచి పోదని తెలిసి, తల వంచుకునే ఇస్తాను. తరతరాలుగా ఆ భారం మోయని కుటుంబాల నుంచి వచ్చిన విశ్వాసులకు ఈ విషయంలో తీర్పు తీర్చే హక్కు లేదు. నిజం రాసి ఫీజు రాయితీ పోగొట్టుకున్న పిల్లవాడి ఫీజును సంఘం కట్టగలదా అన్నది వారు ముందు తేల్చుకోవాలి.

పక్కింటివారు ప్రసాదం ఇస్తే తీసుకోవాలా?

కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిది, పది అధ్యాయాలు ఇటువంటి ప్రశ్నకే రాసినవి. తినడం వల్ల మనం తక్కువా కాము, ఎక్కువా కాము అని చెప్పిన పౌలే, బలహీనమైన మనస్సాక్షి గల సహోదరునికి అడ్డంకి కావద్దనీ, విగ్రహారాధనలో పాలు పంచుకోవద్దనీ చెప్పాడు. కనుక మన సంఘాల్లో దీని మీద ఒకే అభిప్రాయం లేదు, రోమా 14 ప్రకారం ఉండనక్కర కూడా లేదు. మీ మనస్సాక్షి వద్దంటే, రెండు చేతులు జోడించి "ఏమనుకోకండి పిన్నిగారూ, మేము తీసుకోము" అని ఎదుటనే చెప్పండి. నవ్వుతూ తీసుకొని, తలుపు వేశాక చెత్తబుట్టలో పారేయడం మాత్రం చేయకండి. అది ఆమె ప్రేమను అవమానించడమే కాక, మనం మొదట చెప్పుకున్న వేషం.

పొరుగువారి విషయంలో నాకు నేర్పినది 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను వెళ్ళిపోయాక రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడలేదు. మా వీధిలో చేతిపంపు ఉన్నది ఒక పూజారి గారి పెరట్లోనే. ఆయన గేటు గొళ్ళెం తీసి, పడిపోయిన వేపకొమ్మను తానే పక్కకు లాగి, బిందెలతో వచ్చిన అందరినీ వరుసలో నిలబెట్టారు. ఏ ఇంటి బిందె అని అడగలేదు. దారి పక్కన గాయాలతో పడి ఉన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుని కథలో (లూకా 10) మనల్ని మనం ఎప్పుడూ సమరయునిగానే ఊహించుకుంటాం. ఆ వారం నేను దారి పక్కన పడి ఉన్నవాడిని. పోర్టు దగ్గర రాస్ హిల్ మీద మరియమాత గుడి, పక్క కొండల మీద వేంకటేశ్వరస్వామి గుడి, దర్గా ఎన్నో ఏళ్ళుగా ఒకదానినొకటి చూసుకుంటూనే ఉన్నాయి. అటువంటి ఊళ్ళో రాత్రి పది దాటాక మైకులో ఉజ్జీవ కూటం నడిపితే, చట్టాన్ని మీరడం ఒకటి, పరీక్షకు చదువుకునే పక్కింటి పిల్లను నిద్రపోనివ్వకపోవడం ఇంకొకటి. సువార్త చెప్పే హక్కును రాజ్యాంగంలోని 25వ అధికరణ ఇచ్చింది. వినాలని ఎదుటివారికి అనిపించేలా బ్రతకడం మన బాధ్యత.

స్వస్థత కోసం ప్రార్థిస్తున్నాం. మందులు ఆపితేనే విశ్వాసం చూపినట్టా?

దయచేసి ఆపకండి. యాకోబు పత్రిక రోగి కోసం ప్రార్థించమంది (5:14), మందు మానమని ఎక్కడా అనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు (కొలొస్సయి 4:14). ఆరు నెలలు వాడవలసిన క్షయ మందులను రెండు నెలలకే దగ్గు తగ్గిందని సాక్ష్యం చెప్పి మానేస్తే, వ్యాధి మందులకు లొంగని రూపంలో తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ అవసరమైన పిల్లవాడికి దాన్ని ఆపడం ప్రాణాపాయం. కింగ్ జార్జి ఆసుపత్రి వరండాల్లో రోగుల పక్కన కూర్చుని ప్రార్థించేవారిని నేను చూశాను. ప్రార్థన అయ్యాక మాత్ర చేతిలో పెట్టి, నీళ్ళ సీసా మూత తీసి ఇస్తారు. ప్రార్థన చేయవలసింది అలా. మందులు మానమని ఎవరైనా, ఎంత పెద్ద సేవకుడైనా చెబితే, ఆ మాట వినకండి, సంఘ పెద్దలకు తెలియజేయండి.

నాకు సందేహాలు వస్తున్నాయి. నమ్మినట్టు నటించడం కంటే మానేయడం మేలు కాదా?

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వైపు రసాయన కర్మాగారం నుంచి లీకైన విషవాయువు పాకి, నిద్రలో ఉన్నవారు వీధుల్లో కుప్పకూలిన తరువాత, ఒక యువకుడు మూడు నెలలు ప్రార్థనలో నోరు విప్పలేదు. అడిగితే, "దేవుడు ఎక్కడున్నాడని అడగాలనుంది మావయ్యా, అడిగితే తప్పవుతుందని ఊరుకుంటున్నాను" అన్నాడు. అతనికి 13వ కీర్తన, 88వ కీర్తన చూపించాను. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు లేకుండానే. అది కూడా ఆరాధన పుస్తకంలోనే ఉంది. రోగియైన కొడుకును తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు (మార్కు 9:24). ఆ సగం నమ్మకాన్ని యేసు తోసివేయలేదు, పిల్లవాడిని బాగుచేశాడు. మీ సందేహాన్ని దేవునితోనే చెప్పండి, వీలైతే మరొక మనిషితో కూడా. మానేయడానికీ నటించడానికీ మధ్య ఇంత చోటుంది.

పిల్లలు గుడికి రామంటున్నారు. బలవంతం చేయవచ్చా?

చిన్నపిల్లలైతే వెంట తీసుకువెళ్ళండి. పెద్దవారైతే ఎందుకు రామంటున్నారో అడిగి, మధ్యలో అందుకోకుండా చివరివరకు వినండి. గుడిలో ఒకలా, ఇంటికి రాగానే పనిమనిషితో మరొకలా మాట్లాడే నాన్నను చూసి అలిసిపోయామని చెప్పినవారు నాకు ఒకరిద్దరు కాదు, చాలామంది తెలుసు.

ఇవన్నీ ఒక్కసారిగా చేయలేను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక చీటీ తీసుకొని రెండు పేర్లు రాయండి: మీరు ఏదైనా తిరిగి ఇవ్వవలసిన ఒకరి పేరు, మీరు క్షమాపణ అడగవలసిన ఒకరి పేరు. వచ్చే ఆదివారం లోపల వారిలో ఒకరి ఇంటికి వెళ్ళండి. ఫోనులో వందనాలు పెట్టి సరిపెట్టకండి, మనిషే వెళ్ళాలి. వెళ్ళే ముందు భయం వేస్తే శనివారం సాయంత్రం అధ్యయనం అయ్యాక నా దగ్గరకు రండి, ఇద్దరం కలిసి వెళ్దాం. అలా ఇదివరకు కొందరితో వెళ్ళాను. ఒకచోట మమ్మల్ని గుమ్మం బయటనే నిలబెట్టి పంపేశారు, మరొకచోట టీ ఇచ్చారు.